భుజం మారిన బెంగ

విశ్వపతి తన డివిజనల్ మేనేజరుగారిని కుర్చీతో సహా కారిడార్లోకి తోసుకుపోయిన రోజున ఆఫీసులో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆయన్ని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తోస్తారని అందరూ అనుకుంటున్నదే. ఆ తోసేది విశ్వపతి అవుతాడని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఇన్నేళ్ల సర్వీసులో అతను బీరువా తలుపు కూడా గట్టిగా తోసి ఎరగడు.

జరిగింది ఇంతే. రివ్యూ మీటింగు నడుస్తోంది. కింద రోడ్డు మీద ఏదో లారీ బ్రేకులు కీచుమన్నాయి. విశ్వపతి గుండెను ఎవరో గుప్పెట్లో పెట్టి పిండినట్టయింది. అయిపోయింది, ఎత్తుకుపోతున్నారు, ఇవాళ్టితో సర్వం పోయింది అనిపించింది. ఏది పోయిందో, ఎవరెత్తుకుపోతున్నారో తెలియలేదు. చేతులు మాత్రం చక్రాలున్న వస్తువు కోసం వెతికాయి. ఆ గదిలో చక్రాలున్న వస్తువు మేనేజరుగారి కుర్చీ ఒక్కటే.

"విశ్వపతీ! ఏంటయ్యా ఇది? ఆపు!"

"సందులోకి పోదాం సార్! సందులోకి పోతే చూడరు!"

జిరాక్స్ మిషను పక్కనున్న ఇరుకులోకి ఆయన్ని ఇరికించి, కనపడకుండా పైన రెండు ఫైళ్లు కప్పి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఊపిరితో పాటు తెలివి కూడా వచ్చింది. ఎడమ చెవి వెనకున్న నల్లబిళ్ళ చూపించాడు.

"భుజమా?" అన్నారు మేనేజరుగారు ఫైళ్ల కిందనుంచే. ఆయన గొంతులో కోపం తగ్గి నీరసం వచ్చింది. "మా ఇంట్లోనూ పెట్టుకున్నారు. మా ఆవిడకి ఎవరో మేకలాయన బెంగ తగిలింది. కనపడిన ఆకల్లా కోసుకొచ్చి వరండాలో పోస్తోంది. నా కరివేపాకు మొక్క మోడైపోయింది. సరే, ఇక లాగు బయటికి."

*

'భుజం' అనేదాన్ని కనిపెట్టింది విశ్వపతి బావమరిది కుమారస్వామి. బావమరిది కనిపెట్టినదాన్ని వద్దనగల మగవాడు విశాఖపట్నంలో ఇంకా పుట్టలేదు. అంతకుముందు అతను కనిపెట్టిన, పాలు పొంగేముందు ఈలవేసే గిన్నె ఇప్పటికీ విశ్వపతి ఇంట్లో ఉంది. పాలు పొంగి, పొయ్యి ఆరిపోయాక ఈల వేస్తుంది. "తమ్ముడు కష్టపడి చేశాడండీ" అని హైమవతి రోజూ ఆ గిన్నెలోనే కాస్తుంది.

ఈసారి కనిపెట్టింది మాత్రం చిన్నది కాదు. కొండవాలులో అద్దెకు తీసుకున్న మేడలో ల్యాబు. గోడలనిండా నవ్వుతున్న బీదవాళ్ల ఫోటోలు. విదేశాల్లో ఉన్న పెట్టుబడిదారులు పంపిన కాఫీ మిషను. 

"బీదవాడికి లేనిది డబ్బు ఒక్కటే కాదు బావా," అని మొదలుపెట్టాడు కుమారస్వామి. "తలలో ఖాళీ లేదు. పొద్దస్తమానం బెంగే కుర్చీ వేసుకు కూర్చుంటే రేపటి ఆలోచన ఎక్కడ కూర్చుంటుంది? ఫోన్లు ఇచ్చాం. ఫోన్లోనే బ్యాంకులు ఇచ్చాం. ఆ బ్యాంకుల్లో అప్పులు కూడా ఇచ్చాం. బెంగ పెరిగింది తప్ప తగ్గలేదు. ఎమర్జింగ్ మార్కెట్లలో ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోని చోటు..."

"ఎమర్జింగ్ మార్కెట్టంటే మనమేనా?"

"మనం కాదు బావా. మనం దాంట్లో ఉంటాం, అంతే."

విశ్వపతికి ఆవులింత వచ్చింది. కుమారస్వామి ఉపన్యాసం ఆపి, ల్యాబులో అటెండరు సన్యాసిరావును పిలిచాడు. మరో గంటలో సన్యాసిరావు కూతురి ఇంటర్ రిజల్టు రాబోతోంది. మనిషి గోడకి ఆనుకుని గోళ్లు కొరుకుతున్నాడు. కుమారస్వామి అతని చెవి వెనక తెల్లబిళ్ళ అంటించాడు. విశ్వపతి చెవి వెనక నల్లది అంటించాడు. ఫోనులో ఏదో నొక్కాడు.

సన్యాసిరావు గోళ్లు కొరకడం ఆపాడు. ఒకసారి ఒళ్లు విరుచుకున్నాడు. "నేనలా టీ తాగొస్తాను సార్" అని ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

విశ్వపతికి కడుపులో రాయి పడింది. మాటలేమీ వినపడలేదు, బొమ్మలేమీ కనపడలేదు. గుండెకు ఒక పట్టు, అది ఏ దిక్కు నుంచి వస్తోందో ఆ దిక్కు, అంతే. కిటికీ దగ్గరికి పరిగెత్తి, "ఏమయ్యోయ్! అమ్మాయి హాల్ టికెట్ నంబరెంత?" అని కేక పెట్టాడు. గంటసేపు ల్యాబులో అటూ ఇటూ తిరిగాడు. సింహాద్రి అప్పన్నకు కొబ్బరికాయ మొక్కాడు. చివరికి సన్యాసిరావు వచ్చి, "పాసైపోనాది సార్, ఫస్ట్ క్లాసు!" అని చెప్పి గంతులేశాడు.

విశ్వపతికి పట్టు వదిలింది. దాని తరవాత ఇంకేదో వస్తుందని కాసేపు ఎదురుచూశాడు. ఏమీ రాలేదు.

"ఆనందం రాలేదేం?"

"ఆనందం వాళ్లకే ఉంటుంది బావా. బెంగ ఒక్కటే మనకి. అదే కదా సామాజిక న్యాయం."

ఈ వ్యాపారం ఎలాగంటే, బీదవాళ్లెవరో తెల్లబిళ్ళ పెట్టుకుంటారు. వాళ్లు లబ్ధిదారులు. కాస్త ఉన్నవాళ్లు నల్లబిళ్ళ పెట్టుకుంటారు. వీళ్లు ఉపకారులు. లబ్ధిదారు బెంగ లేకుండా బుర్ర పెట్టి పనిచేసుకుంటాడు, బాగుపడతాడు. ఆ బాగుపడిన దాంట్లోంచి ఉపకారికి కొంత వాటా. పుణ్యమూ వడ్డీ ఒకే కౌంటర్లో దొరుకుతుంటే మధ్యతరగతివాడు ఎంతసేపు ఆగుతాడు? ఎవరి బెంగ ఎవరికి పోతోందో మాత్రం ఇద్దరికీ తెలియకూడదు. లబ్ధిదారు ఆత్మగౌరవం కోసమట. బిళ్ళ సంగతి బయట చెప్పకూడదని వాళ్లచేత కంపెనీ ఒట్టు కూడా వేయించుకుంది.

విశ్వపతి అప్పటికీ ఆలోచిస్తానన్నాడు. కానీ నాలుగో అంతస్తు మూర్తిగారు నల్లబిళ్ళ కనపడేలా పక్కకు తిరిగి ఫోటో దిగి, 'ఒక చిన్న భుజం' అని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. దానికి అరవైమంది దండాలు పెట్టారు.

"కనిపెట్టింది మా తమ్ముడు. పేరేమో మూర్తిగారికి," అని హైమవతి పప్పులో గరిటె గట్టిగా తిప్పింది.

మర్నాడే విశ్వపతి బిళ్ళ అంటించుకున్నాడు.

*

మూడు నెలలు గడిచేసరికి విశ్వపతికి తన లబ్ధిదారు పేరు తెలియదు గానీ, ఆవిడో ఆయనో దేనికి భయపడతారో మొత్తం తెలిసిపోయింది. మబ్బంటే భయం. లారీ అంటే భయం. పిండంటే భయం.

ఈ మూడోది ఇంట్లో పెద్ద గొడవైపోయింది. హైమవతి దోసెల పిండి రుబ్బి పెడితే విశ్వపతి అరగంటకోసారి మూత తీసి వాసన చూసేవాడు. తడిగుడ్డ కప్పేవాడు. గిన్నెని ఎండలోంచి నీడలోకి, నీడలోంచి మంచం కిందకి మార్చేవాడు.

"పులిసిపోతోందే హైమా!"

"పులవాలండీ! పులిస్తేనే దోసెలు!"

"ఎంత పులవాలో అంతకంటే పులిసిపోతోంది!"

"పెళ్లైన కొత్తల్నించీ చూస్తున్నాను. వాన పడేలా ఉంది, మేడ మీద బట్టలు తెండీ అంటే, మబ్బెక్కడుందే అని పేపరు తిప్పేవారు. ఇప్పుడు మబ్బు భీమిలి మీదున్నా ఇక్కడ లేచి నిలబడుతున్నారు. ఎవరి పిండికో ఇంత బెంగా? నేను రుబ్బిన పిండికి ఏనాడైనా పడ్డారా?"

దానికి జవాబు లేదు. జవాబు లేనప్పుడు మగవాళ్లు చేసే పనే విశ్వపతీ చేశాడు. ఫోను తీశాడు. ఫోనులో గ్రాఫు కొండెక్కుతోంది. లబ్ధిదారు వ్యాపారం పెరుగుతోంది. ఇంకో పొయ్యి కొన్నారు, కొత్త రకాలు అమ్ముతున్నారు. ఇక్కడ విశ్వపతికి అన్నం దిగడం లేదు.

ఒకరోజు సాయంత్రం మరీ అన్యాయమైపోయింది. ఎవరికో జ్వరం అని తెలుస్తోంది. ఎవరికో తెలియడం లేదు. థర్మామీటరు పట్టుకుని ముందు హైమవతికి చూశాడు. తరవాత పనిమనిషి పైడితల్లికి. తరవాత పార్సిల్ ఇవ్వడానికి వచ్చినతనికి. అందరికీ మామూలుగానే ఉంది. కంపెనీ హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే, 'మీ బెంగ మాకు ఎంతో ముఖ్యం. దయచేసి లైన్లో ఉండండి' అని ఒకమ్మాయి తియ్యగా చెప్పి, వీణ వినిపించింది. పావుగంట వీణ విన్నాక విశ్వపతి తనకే జ్వరం చూసుకున్నాడు. నూట ఒకటి.

మేనేజరుగారిని తోసిన మర్నాడు ల్యాబుకి వెళ్లి కూర్చున్నాడు.

"తీసెయ్యి. నాకు పుణ్యం వద్దు, వాటా వద్దు."

"తీసెయ్యొచ్చు బావా," అన్నాడు కుమారస్వామి కంప్యూటరులోంచి తల తిప్పకుండా. "ఒక చిన్న విషయం. బెంగ అనేది పోదు. చోటు మారుతుంది అంతే. నువ్వు మోసిందంతా వాళ్ల లెక్కలో అలాగే ఉంటుంది. నీ చెవిదైనా, వాళ్ల చెవిదైనా బిళ్ళ ఊడదీస్తే, ఇన్నాళ్లదీ కట్టగట్టుకుని ఒక్కసారిగా వాళ్ల నెత్తిన పడుతుంది."

"పడితే ఏమవుతుంది?"

"మొదట్లో ఒకాయనకి అలాగే తీసేశాం. మంచం కిందకి దూరి చాలా రోజులు బయటికి రాలేదు."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"బాగా కోలుకున్నాడు. మంచం మీద పడుకుంటున్నాడు."

విశ్వపతి నుదురు పట్టుకున్నాడు. ఆ పిండి మనిషి ఎవరో గానీ, మంచం కింద ఉన్నట్టు కళ్లకు కట్టింది. "ఈ సంగతి అంటించేముందు చెప్పొద్దూ?"

"షరతుల్లో ఉంది బావా. నువ్వు చదివానని టిక్కు పెట్టావు."

"సొంత బావమరిది కంపెనీ షరతులు ఎవడు చదువుతాడ్రా!"

"అందరూ అదే అంటున్నారు," అన్నాడు కుమారస్వామి విసుగ్గా. "అందుకే బదిలీ పెట్టాం. నీ భుజం నొప్పెడితే ఇంకో భుజానికి మార్చుకో. వాళ్లు నల్లబిళ్ళ పెట్టుకోగానే నీ ఫోనులో నొక్కు, అటు పోతుంది. పెట్టుబడన్నాక అమ్ముకునే వీలుండాలి కదా, లేకపోతే ఎవడు పెడతాడు?"

*

ఈ బదిలీ సంగతి తనకు తప్ప లోకమంతటికీ తెలుసని విశ్వపతికి లిఫ్టులో అర్థమైంది.

"ఇంకా మీ చెవికే ఉందేంటండీ?" అన్నారు మూర్తిగారు, విశ్వపతి తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడని తెలిసినట్టు జాలిగా చూసి. ఆయన ముఖం నూనె రాసిన పెనంలా నిగనిగలాడుతోంది. "పైడితల్లి లాంటివాళ్లకి ఇచ్చెయ్యండి. నెలకింతని పడేస్తే మోస్తారు. పనిలో పని, మన బెంగ కూడా వదిలించుకోవచ్చు. నేను లబ్ధిదారుగా కూడా చేరాను."

"మీరా? లబ్ధిదారంటే బీదవాళ్లు కదండీ?"

"తెల్లకార్డు ఉందిగా మనకి!" అన్నారు మూర్తిగారు. ఆయనకి రెండు ఫ్లాట్లు, ఒక కారు, ఎప్పటిదో ఒక తెల్లకార్డు ఉన్నాయి.

ఇంట్లో పైడితల్లి గది తుడుస్తోంది. విశ్వపతి గొంతు సవరించుకునేలోపు ఆమె కర్ర పడేసి బాల్కనీలోకి పరిగెత్తి, కిందకి వంగి చూసి, గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఏమైంది?"

"మూరితిబాబు కారు, బాబూ. ఎవలైనా గీకీసేరేమోనని. గంటకోపాలి సూడకపోతే పేణం నిలవదు. ఆ కొడుక్కి జీతం పెరగనేదని ఒకటి. నా కొడుకు కాడు, నా కారు కాదు. నాకేటి బాబూ ఈ కర్మ!"

విశ్వపతి తన కోరిక చెప్పాడు. పైడితల్లి జుట్టు వెనక్కి తోసి చూపించింది.

"ఎడం సెవికి మూరితిబాబు మొయ్యాల్సింది. కుడి సెవికి మూరితిబాబు సొంతది. మీదెక్కడెట్టమంటారు, ముక్కుకా?"

"ఇంకెవరైనా ఉన్నారా?"

"వాచ్‌మేను సెవులు ఎప్పుడో నిండిపోనాయి. ఇస్త్రీ ఆయన కాడ మూడో అంతస్తోలు నైను కట్టీసేరు." ఆమె పడేసిన కర్ర మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మా ఒదిన నూకరత్నం ఉందండి. రైతుబజారు మలుపుకాడ అట్లబండి. దానికీ మజ్జిన బెంగంటే ఏటో తెల్దు. మొన్న కూతురికి జొరమొస్తే మాత్రేసి దుప్పటి కప్పి, సల్లగా బండికాడికొచ్చీసింది. నాను గోలెత్తిపోతే, 'తగ్గుతాదిలేయే' అంటాది. మబ్బు నెత్తిమీదకొచ్చినా సినుకు పడేదాకా పరదా ముట్టదు. అలాటోలికైతే మీ బెంగ దుక్కలాగా మోసీడం కుదురుతాది."

అట్లబండి, కూతురికి జ్వరం, మబ్బు. ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవారు. విశ్వపతికి వినపడింది ఒక్కటే ముక్క. బెంగంటే ఏమిటో తెలియని మనిషి ఒకావిడ ఉంది, ఆవిడకి రెండు చెవులున్నాయి.

*

ఆదివారం పొద్దున్నే పైడితల్లిని వెంటబెట్టుకుని మలుపు దగ్గరికి వెళ్లాడు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. వాకింగు ముగించుకున్న అపార్ట్‌మెంటువాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు, నడిచి కరిగించినదాన్ని నెయ్యట్టుతో పూడ్చుకుంటూ. మూర్తిగారు రెండో ప్లేటులో ఉన్నారు.

నూకరత్నం గట్టి మనిషి. రెండు పొయ్యిల మీద రెండు పెనాలు పెట్టుకుని, ఎవరెంత తొందరపెట్టినా తన వేగంతో తను అట్లు తిప్పుతోంది. ఒకాయన "ఎంతసేపమ్మా" అంటే, "కాలినంతసేపు" అంది.

విశ్వపతి విషయం చెప్పాడు. ఆమె వింటూనే గరిటె తిప్పింది.

"బరువెంతుంటాదేటి?"

"బరువేమీ ఉండదమ్మా. కొంచెం గుండె పట్టేస్తుంది."

"గేస్ బండ మోస్తన్నాను, గుండెదేటిలెండి. ఎట్టీండి."

విశ్వపతి బేరం మొదలుపెట్టాడు. నెలకి ఇంత అన్నాడు. ఆదివారం రెండు అట్లు అందులోనే కలిపి ఇవ్వాలన్నాడు. చట్నీ విడిగా అన్నాడు. అన్నిటికీ నూకరత్నం సరేనంది. అంత తొందరగా ఒప్పుకునేసరికి, ఎక్కువ చెప్పేశానేమోనని విశ్వపతికి మనసు చివుక్కుమంది. ఆ చివుక్కు ఒక్కటే పూర్తిగా అతని సొంతం.

ల్యాబులో ఇచ్చిన కొత్త నల్లబిళ్ళ ఆమె కుడి చెవి వెనక అంటించాడు. ఎడమ చెవి మీద కొప్పు వాలి ఉంది. అటు చూడలేదు. ఫోనులో 'బదిలీ' నొక్కాడు.

ఆహా. నెలల తరవాత భుజాల మీంచి ఎవరో మూట దించినట్టయింది. ఆకాశం వైపు చూశాడు, అది ఆకాశంలాగే ఉంది. పక్కనుంచి లారీ పోయింది, అది లారీ. తన నల్లబిళ్ళ తీసి జేబులో వేసుకుని ఒక అట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. అల్లం, జీలకర్ర, పైన కరకర, లోపల దూది. పిండి ఎంత పులవాలో సరిగ్గా అంతే పులిసింది. ఈ రుచి తనకెక్కడో తెలుసుననిపించింది. తిన్న గుర్తు మాత్రం లేదు.

అదే సమయానికి నూకరత్నం గరిటె ఆపి ఆకాశం వైపు చూసింది. పిండి మీద గుడ్డ కప్పింది. గుడ్డ తీసి వాసన చూసింది. మళ్లీ కప్పింది. రెండు పొయ్యిలూ ఆర్పేసింది.

"ఏటొదినా?" అంది పైడితల్లి.

"వానొచ్చీస్తంది."

"ఎక్కడే? ఎండ పేలిపోతంటే!"

"వచ్చీస్తంది. మున్సిపాల్టీ నారీ వొచ్చీస్తంది, బండెత్తుకుపోతాది. పిల్లకి మళ్లీ జొరం. పిండి పోనాది. అంతా పోనాది..." మాట మాటకీ గొంతు పైకి లేస్తోంది. బండి కర్ర పట్టుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి. గుడ్లప్పగించింది గానీ దేన్నీ చూడడం లేదు. చెమట ధారగా కారుతోంది. బండిని రోడ్డు మీదకు ఒక్క తోపు తోసింది. చట్నీ గిన్నె దొర్లింది. మూర్తిగారు ప్లేటుతో సహా ఎగిరి పక్కకు దూకారు.

విశ్వపతికి ఆ తోపు తెలుసు. మేనేజరుగారిని తను తోసిన తోపు అదే.

నూకరత్నం కొప్పు పక్కకు తీసి చూశాడు. ఎడమ చెవి వెనక తెల్లబిళ్ళ.

కుమారస్వామికి ఫోన్ చేశాడు. "ఒరేయ్, నేను బదిలీ చేసిన మనిషికి తెల్లబిళ్ళ కూడా ఉందిరా. ఆ బెంగ ఎవరిదిరా? నాకొచ్చేది ఎవరిదో చూడు!"

అటువైపు కీబోర్డు చప్పుడు. తరవాత కుమారస్వామి గొంతు, మొదటిసారిగా ఉపన్యాసం లేకుండా. "బావా. పోయే గ్రాఫూ వచ్చే గ్రాఫూ ఒకేలా కదులుతున్నాయి. ఆవిడది ఆవిడకే ఇచ్చావు."

"నీ కంపెనీ ఆపొద్దా మరి!"

"ఎవరిది ఎవరికో తెలియకూడదని పెట్టాం కదా. కంపెనీకి కూడా తెలియదు." పేర్లు దాచడం మీద ఉన్న తెలివంతా పెట్టి, చివరికి తమకి కూడా కనపడకుండా దాచుకున్నారన్నమాట. "బావా, పెళ్లిపందిట్లో మైకు తీసుకెళ్లి స్పీకరుకి ఎదురుగా పెడితే ఏమవుతుంది?"

"కుయ్యిమని చెవులు పగులుతాయి."

"ఆవిడ బెంగ ఫోనులోంచి తిరిగి ఆవిడకే వస్తోంది. వచ్చినదానికి ఇంకా బెంగపడుతోంది. అది మళ్లీ వెళ్లి వస్తోంది. తిరిగినకొద్దీ పెరుగుతుంది."

"అలాగే వదిలేస్తే?"

"స్పీకరు కాలుతుంది బావా. బిళ్ళలు మాత్రం పీకకండి, అప్పుడు మొత్తం ఒక్కసారే పడుతుంది. మధ్యలో ఇంకో భుజం పెట్టాలి. వెంటనే. పెట్టుకున్నవాడికి ఇదివరకు లాగా ఉండదు. పెరిగిందంతా కలిపి వస్తుంది."

"నువ్వు పెట్టుకో!"

"నేను కనిపెట్టినవాణ్ణి కదా బావా. నేనే పెట్టుకుంటే పరిశోధన నిష్పక్షపాతంగా ఉండదు."

విశ్వపతి చుట్టూ చూశాడు. ఇందాకటిదాకా చట్నీ కోసం ఎగబడ్డ జనం గుండ్రంగా నిలబడి ఉంది. అందరూ ఉపకారులే. గ్రూపులో ఫోటోలు పెట్టినవాళ్లే.

"ఎవరైనా కాసేపు పట్టండి. ల్యాబునుంచి ఎవరో వచ్చేదాకా..."

"నాకు బీపీ," అన్నారు మూర్తిగారు.

"మేం ఇవాళ సాయంత్రం తిరుపతి వెళ్తున్నామండీ."

"ఈ బండి మీద గుడ్డట్టు కూడా వేస్తారండి. మాకు పనికిరాదు," అన్నారు మూడో అంతస్తాయన, ఆ బండి మీదే తిన్న చెయ్యి కడుక్కుంటూ.

పైడితల్లి ఏడుస్తూ తన కుడి చెవి వెనకున్న మూర్తిగారిని పీకేయబోయింది. "నాకెట్టీండి బాబూ! ఈయన కారు సంగతి ఈయనే సూసుకుంటాడు!" మూర్తిగారు హడలిపోయి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "పీకకే! పీకితే మొత్తం నామీద పడుతుంది!"

నూకరత్నం బండిని రోడ్డు మధ్యకు తోసేసింది. బస్సు హారన్ మోగింది. ఆమెకి వినపడలేదు. నోట్లోంచి మాటలు కూడా ఆగిపోయాయి. ఒక సన్నటి కూత మాత్రం వస్తోంది, మైకులోంచి వచ్చినట్టు.

విశ్వపతికి ఒళ్లు మండిపోయింది. బావమరిది మీద, మూర్తిగారి మీద, దండాలు పెట్టిన అరవైమంది మీద, మూడు నిమిషాల సుఖం కోసం రెండు అట్లు ఎక్కువ బేరమాడిన తన మీద. "ఛీ! మీరూ మీ పుణ్యాలూ!" అని జేబులోంచి నల్లబిళ్ళ తీసి చెవికి కొట్టుకున్నట్టే అంటించుకున్నాడు. ఫోనులో తన పేరు నొక్కాడు.

*

ఆ తరవాత జరిగింది విశ్వపతికి సరిగ్గా గుర్తులేదు. చూసినవాళ్లు చెప్పారు.

అతను 'అమ్మా' అని ఒక్క కేక వేసి బండి కర్ర అందుకున్నాడట. బస్సుకు అడ్డంలోంచి బండిని లాగి, ఎర్రటి ఎండలో పిండిమీద పరదా కప్పి, లేని లారీకి దొరక్కుండా సందులోకి తోసుకుపోయాడట. "పిల్లకి మాత్ర వేశారా! వేశారా!" అని దారిలో కనపడిన ప్రతివాణ్ణీ అడిగాడట.

నూకరత్నం కాసేపు రోడ్డు మీద కూర్చుంది. పైడితల్లి నీళ్లు పట్టించింది. తాగి, కొప్పు ముడేసుకుని, లేచి సందులోకి నడిచింది. అక్కడ విశ్వపతి బండిని కౌగిలించుకుని ఏడుస్తున్నాడు.

"బాబూ. ఒగ్గీండి. ఏటీ నేదు."

"ఉంది! నీకు తెలీదు! ఉంది!"

"ఉంటే ఉంటాది." ఆమె అతని ముఖం వైపు కొంచెంసేపు చూసింది. "అయితే ఇన్నాళ్లూ మోసింది తమరేనా? పిల్లకి జొరమొచ్చిన్నాడు కూడానా?"

"ఎంతుంది ఆ రోజు? జ్వరం ఎంతుంది?"

"నానేటి సూడనేదు బాబూ," అంది నూకరత్నం. ఆ మాట అని, బండి మీది గరిటె చేతిలోకి తీసుకుంది. "సూడాలనిపించనేదు. అలాగెలాగుండిపోనానో నాకే తెల్దు."

దానికి విశ్వపతి దగ్గర కూడా జవాబు లేదు. ఫోను తీయడానికి చేతులు ఖాళీ లేవు.

ల్యాబులో ఆలోచించి చెప్పిందేమిటంటే, నూకరత్నం బెంగను కొంచెం కొంచెంగా, ఆమె తట్టుకోగలిగినంత, వెనక్కి పంపవచ్చు. చాలా నెలలు పడుతుంది. అందాకా విశ్వపతే మొయ్యాలి. ఆమె మొదట అడిగింది పిల్ల బెంగ. "అది ముందు నాకిచ్చీండి. పిండిది తమరుంచుకోండి," అంది.

అప్పటినుంచీ విశ్వపతి ఆఫీసుకి వెళ్లేముందు మలుపు దగ్గరికి వెళ్తున్నాడు. పిండి గురించిన బెంగ ఆఫీసులోనూ, పిండి రైతుబజారు దగ్గరా ఉంటే పిచ్చెక్కుతుంది. బండి పక్కన నిలబడితే కనీసం మూత తీసి చూసుకోవచ్చు. అతను వాసన చూసి "చాలు" అంటే నూకరత్నం పోస్తుంది, "ఇంకాసేపు" అంటే ఆగుతుంది. అట్లకి ఆమె అందరి దగ్గరా డబ్బు పుచ్చుకుంటుంది, అతని దగ్గర కూడా. బేరం రద్దయింది.

కుమారస్వామి ఒకరోజు వచ్చి వీడియో తీసుకుని వెళ్లాడు. దానికి 'భుజం ప్లస్: ఉపకారి స్వయంగా హాజరు' అని పేరు పెట్టి విదేశాలకు చూపిస్తే అక్కడివాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. "అట్టు తిన్నావా?" అని విశ్వపతి అడిగితే, పనుందని వెళ్లిపోయాడు.

శ్రావణంలో ఒక పొద్దున కైలాసగిరి మీంచి మబ్బు లేచింది. నిజం మబ్బు. విశ్వపతికి గుండె పట్టింది. కానీ ఈసారి పట్టు ఎక్కడుందో, పరదా అక్కడే ఉంది.

"నూకరత్నమ్మా!"

"ఆ కొస పట్టండి. అటు కాదు బాబూ, ఇటు! ఇన్నాళ్లయినా కొస తెల్దేటి!"

ముడి పడేలోపు వాన దంచేసింది. పరదా కింద రెండు పొయ్యిలూ వెలుగుతున్నాయి. పిండి మీద ఒక్క చినుకు పడలేదు. విశ్వపతి గుండెలోని పట్టు వదిలింది. దాని తరవాత ఇంకేదో కొంచెం వచ్చింది. అది ఎవరిదో కుమారస్వామిని అడగాలనుకుని, మానేశాడు.

ఫోను మోగింది. హైమవతి.

"ఏవండీ! మేడ మీద బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి! పట్టుచీర కూడానూ! అపార్ట్‌మెంటు మొత్తంలో ఒక్కరు తియ్యలేదు, ఒక్కరికి పట్టలేదు! మబ్బు పని మీరు చూసుకుంటున్నారు కదా అని నేను చూడడమే మానేశాను. ఇంత మబ్బు వేస్తే మీకు కనపడలేదా?"

"కనపడింది హైమా," అన్నాడు విశ్వపతి పరదా కొస గట్టిగా పట్టుకుని. "అది మనది కాదనుకున్నాను."